అన్నది నేను, తప్పు మీది

జాతీయాలు లేకుండా తెలుగువాళ్ళ ఇంట్లో పూట గడవదు. పొద్దున ఒకరికి కడుపు మండుతుంది, ఇంకొకరికి కాళ్ళకింద నేల కదులుతుంది, సాయంత్రానికి ఇద్దరూ కులాసాగా టీవీ చూస్తుంటారు. ఇబ్బందల్లా ఎదుటివాళ్ళు మన మాటను ఇంకోలా పట్టుకున్నప్పుడే. ఆ తప్పు మన నెత్తిన పడకుండా చూసుకోవడం పెద్ద కష్టమేం కాదు.

ముందు 'మాటవరసకి' అన్న మాటను కొంగున కట్టుకోండి. ఎవరైనా నొచ్చుకుంటే, "ఏదో మాటవరసకన్నాను, అంతదానికే ముఖం మాడ్చుకోవాలా?" అనండి. ఎవరూ పట్టించుకోకపోతే, "మాటవరసకన్నాననుకున్నావా?" అని గద్దించండి. రెండూ ఒకే మనిషితో ఒకే రోజు వాడినా ఫరవాలేదు, మీరు వయసులో పెద్దయితే.

ఆ 'పెద్దయితే' దగ్గరే ఉంది కిటుకంతా. "మా కోడలికి కాళ్ళు నేలమీద ఆనట్లేదు" అని అత్తగారంటే అది ముచ్చట. "అత్తయ్యగారు వంటింట్లో ఉంటే నాకు చేతులు కట్టేసినట్టుంటుంది" అని కోడలంటే, రాత్రికల్లా ఆడపడుచు ఫోను: "వదినా, అమ్మ నిన్ను కట్టేసిందటగా?" సంజాయిషీ కోడలే చెప్పుకోవాలి. ఆఫీసులో అత్తగారి కుర్చీ మేనేజర్‌ది, మిగతాదంతా మామూలే.

మీరు వినే పక్షమైతే, ఉన్న అర్థాల్లో బాగా గుచ్చుకునేదాన్ని ఏరుకోండి. పరమానందయ్య శిష్యులదీ ఇదే పద్ధతి గానీ, పాపం, వాళ్ళది అమాయకత్వం. మీరు తెలిసే చేయాలి. ఒకరన్నదాన్ని మరొకరు కావాలని వేరే అర్థంలో తీసుకోవడాన్ని ఆలంకారికులు వక్రోక్తి అని లెక్కలోకి తీసుకున్నారు కూడా.

ఆ ఆలంకారికులతోనే ఒక చిక్కుంది. 'గంగలో పల్లె' అంటే గంగ ఒడ్డున పల్లె అని వినేవాడే సర్దుకోవాలి అన్నంతవరకూ వాళ్ళు మనవైపే. కానీ 11వ శతాబ్దపు మమ్మటుడు కావ్యప్రకాశంలో మూడు షరతులు పెట్టాడు. నేరుగా ఉన్న అర్థం పొసగకూడదు. కొత్త అర్థానికి దానితో సంబంధం ఉండాలి. ఆపైన, అలా అనడం లోకంలో రూఢి అయినా అయ్యుండాలి, లేదా దానికొక ప్రయోజనమైనా ఉండాలి. మొదటి రెండూ వినేవాడికి అప్పజెప్పేయండి. మూడోదాని ఊసెత్తకండి. "ఏ ప్రయోజనం కోసం అన్నావయ్యా?" అని ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబుండదు. ఉన్నా, నలుగురిలో చెప్పేది కాదు.

పెళ్ళిసంబంధాల్లో మరీను. పెళ్ళికొడుకు తండ్రి జంతిక కొరుకుతూ, గోడమీది పెద్దమ్మాయి పెళ్ళి ఫొటోలో దండలేసిన కొత్త కారును తదేకంగా చూస్తూ అంటాడు: "మాకేం వద్దు బావగారూ, పిల్లను కట్టుబట్టలతో పంపినా చాలు." పిల్ల తండ్రి అది నమ్మి కట్టుబట్టలతోనే పంపాడనుకోండి. లౌక్యం తెలియని మనిషని చుట్టాలంతా ఆయన్నే అంటారు. అన్నాయన మాత్రం పెద్దమనిషి. నోరు తెరిచి ఏమీ అడగలేదు కదా!

ఒక్క జాగ్రత్త. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం రాసినవాళ్ళు కూడా ఇలాంటి జంతికలు తిన్నవాళ్ళే అయ్యుండాలి. నేరుగా అడిగినా, పరోక్షంగా అడిగినా నేరమేనని 4వ సెక్షన్లో పెట్టారు. ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు. కాబట్టి ఇటువంటివి ఫోనులో అనకండి, వాట్సాప్‌లో అసలే పెట్టకండి. ఎదురుగా కూర్చునే అనండి. కారు ఫొటో వైపు చూసిన చూపును స్క్రీన్‌షాట్ తీయడం ఇంతవరకూ ఎవరి వల్లా కాలేదు.