మూడు డ్రాముల చాయ్

తప్పు ఒప్పుకునేవాడు ముందుగా తన ఉద్యోగమేమిటో చెప్పాలి. శిక్ష వేసేవాళ్లకు సులువవుతుంది. రికార్డుల్లో బల్లార్‌పూర్, మా తెలుగువాళ్ల నోట బల్లార్షా అయిన ఈ ఊళ్లో, కాగితం మిల్లు ల్యాబులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాను. కాగితాన్ని పరీక్షించి చూడటం నా పని. పరీక్షకు ముందు దాన్ని 27 డిగ్రీల వేడిలో, 65 శాతం తేమలో ఉంచి, అప్పుడు తూచాలి. ఎందుకంటే కాగితం పచ్చి తాగుబోతు. గాలిలో కాస్త నీటిచెమ్మ దొరికితే చాలు, పీల్చుకుని ఉబ్బుతుంది. ల్యాబుకొచ్చిన ప్రతి కుర్రాడికీ నేను మొదటి రోజు చెప్పిన పాఠం ఇదే. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మా నాన్నకు వార్ధా నది అవతల రాజురా పక్కన అయిదెకరాలుండేది. 1956 దాకా రాజురా ఆదిలాబాద్ జిల్లాలోదే. రాష్ట్రం మారిన సంగతి మాకు తెలిసింది గాని అడవిపందులకు ఎవరూ చెప్పినట్టు లేదు. అవి పాత లెక్క ప్రకారమే జొన్నచేలోకి వచ్చేవి. నాన్న పంట రక్షణ పేరిట లైసెన్సు తీసుకుని, రెండు నాళాల పన్నెండు బోరు తుపాకి కొన్నాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ తుపాకి ఆకాశం వైపే మాట్లాడింది. ఆయన పోయాక, వారసుణ్ణని రాసిచ్చి, నా పేరు మీదికి మార్పించుకున్నాను.

నా దగ్గర అది కుదురుగా కాపురం చేసింది లేదు. ఎన్నికల ప్రకటన వస్తే చాలు, స్టేషన్‌లో జమ చేసి రసీదు తెచ్చుకోవాలి. లోక్‌సభ అయ్యి ఇంటికొచ్చిందనుకునేలోగా విధానసభ వచ్చేది. "ఏం కాకా, తుపాకి పుట్టింటికి పోయిందా?" అని పక్కింటి కుర్రాడు గేటు దగ్గరే నిలబడి అడిగేవాడు. పోలీసుల దగ్గర ఉన్నన్నాళ్లు దానికి నూనె పెట్టేవాళ్లు లేరు. నా దగ్గర ఉన్నన్నాళ్లూ అంతే.

మొన్న మే నెలలో ఆవకాయ జాడీ కోసం అటక ఎక్కాను. జాడీ దొరకలేదు, బిస్కట్ల రేకు డబ్బా దొరికింది. లోపల పాత ధోవతి గుడ్డలో చుట్టి ఇరవై రెండు తూటాలు. ఎర్రటి కాగితపు గొట్టం, అడుగున ఇత్తడి టోపీ, పైమూతిలో గుండ్రటి అట్టబిళ్ల, దాని మీద 4 అంకె. పక్కన ఎలీ-కైనాక్ అని ఇంగ్లండు కంపెనీ పేరు. 1960లో అమెరికాలో రెమింగ్టన్ వాళ్లు ప్లాస్టిక్ గొట్టం తెచ్చాక ఈ కాగితపు జాతి చాలామటుకు అంతరించింది. మన దగ్గరా ఖడ్కీ కర్మాగారం 'శక్తిమాన్' తూటాలే దిక్కయ్యాయి. అంటే నా చేతిలో ఉన్నది చరిత్ర. చరిత్ర చేతికందితే మగవాడికి మీసం దురద పెడుతుంది. నాకు మీసం లేదు, అయినా పెట్టింది.

కిందికి దిగి మా ఆవిడ ముందు ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమెది కాగజ్‌నగర్. అక్కడా కాగితం మిల్లే. పెళ్లిచూపులనాడు మా మామగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, మీ మిల్లులో బోనస్ ఎంత అని.

"పన్నెండు బోరు అంటే ఏందో తెల్సా?" అన్నాను.

"చెప్పు, జాడీ ఎట్లాగూ తేలేదు గదా."

"ఒక పౌను సీసం తీసుకుని సమానంగా పన్నెండు గుండ్లు చేస్తే, ఒక్కో గుండు సరిగ్గా పట్టే నాళం పన్నెండు బోరు."

"అంటే పదహారు బోరు నాళం ఇంకా సన్నం," అంది చింతపండు గింజలు తీస్తూనే. "అదే పిండికి పన్నెండు లడ్డూలు చేస్తే పెద్దవి, పదహారు చేస్తే చిన్నవి. గిందులో ఏమున్నది?"

అంకె పెరిగితే నాళం ఎందుకు సన్నబడుతుందో నాకు బోధపడటానికి ఆరేళ్లు పట్టింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మర్నాడు రహస్యంగా ఒక తూటా నాళంలో పెట్టి చూశాను. సగం దాకా వెళ్లి మొరాయించింది. ముప్ఫై వానాకాలాల చెమ్మ తాగి గొట్టం ఉబ్బింది. ముప్ఫై నాలుగేళ్ల నా పాఠం ఎదురుగా కూర్చుని నన్ను చూసి నవ్వింది. నేనేం చేశానయ్యా అంటే, ఎండబెట్టాను. చంద్రపూర్ జిల్లా ఎండ సంగతి మీకు తెలిసే ఉంటుంది. మే నెలలో 46, 47 డిగ్రీలంటే ఇక్కడ వార్త కాదు. డాబా మీద మా ఆవిడ పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. ఆ చీర అంచునే ఇరవై రెండు తూటాలు వరసగా పేర్చాను. లోపల మందుంటుందని, అది వేడికి చెడుతుందని, మందు గుణం మారితే ఎటు తిరుగుతుందో చెప్పలేమని నాకు తట్టలేదు. కాకులు ముట్టుకోకుండా గొడుగు పట్టుకుని కాపలా మాత్రం కాశాను.

మధ్యాహ్నం ఆమె పైకొచ్చింది. "ఇగో, గివ్వేం వడియాలయ్యా?"

"నాన్నవి."

"మామయ్య వడియాలు ఇంగ్లీషుల మాట్లాడుతున్నయ్. తియ్యి ముందు!"

తీశాను. సంచిలో వేసుకుని ఆదివారం పొద్దున్నే రాజురా పొలానికి వెళ్లాను. నాన్న కాలం నుంచీ పొలం చూసుకునే ముసలాయన గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అవతలి గట్టు మీద చిల్లుల బకెట్టు బోర్లించి, ఇరవై అడుగుల్లో నిలబడి, నాన్నలాగే ఎడమకాలు ముందుకు వేశాను. ఎండ దయవల్ల తూటా ఈసారి లోపలికి వెళ్లింది. మీట నొక్కాను.

టిక్.

అంతే. పేలని తూటాతో ఏం చేయాలో తుపాకి పట్టిన ప్రతివాడికీ తెలిసి ఉండాలి. నాళాన్ని ఖాళీ దిక్కుకే ఉంచి, కనీసం అర నిమిషం కదలకుండా ఆగాలి. నిప్పు ఒక్కోసారి ఆలస్యంగా అంటుకుంటుంది. నేనేమో ఏమైందా అని తుపాకి తిప్పి, నాళంలోకి కన్ను పెట్టబోయాను. ముసలాయన బీడీ పారేసి అరిచిన అరుపుకి చెట్ల మీద కొంగలు లేచాయి.

"అందుల ఏం జూస్తున్నవ్ పటేలా, యముడు కనబడుతుండా?"

సిగ్గుపడి ఆ తూటా తీసి, ఇంకోటి వేశాను. ఈసారి పుస్సుమంది. తడిసిన టపాకాయ దగ్గినట్టు. కాస్త పొగ, రెండు గజాల దూరంలో జొన్నగింజల్లా రాలిన సీసపు రవ్వలు. బకెట్టుకు ఏమీ కాలేదు, నా పరువుకే అయింది. రోషంతో మూడోది అందుకున్నాను. ముసలాయన వచ్చి తుపాకి లాక్కుని, మడిచి, వెనకనుంచి నాళంలోకి చూశాడు. అవతల ఆకాశం కనబడలేదు. మందుకీ రవ్వలకీ మధ్య పెట్టే ఉన్ని బిళ్ల నాళం మధ్యలో ఇరుక్కుంది. ఆ అడ్డు వెనక మరో తూటా కాల్చి ఉంటే నాళం పగిలి, ఎడమచేయి గురించి ఈ వ్యాసం కుడిచేత్తో రాసేవాణ్ణి. ఆయన గట్టు మీది వెదురు పుల్ల విరిచి ఆ బిళ్లను తోసేశాడు. వెదురు నరికి గుజ్జు చేసిన మిల్లులో బతికినవాణ్ణి, వెదురే కాపాడింది.

ఇక్కడితో ఆగితే ఇది కథ, ఆగలేదు కాబట్టి నేరాంగీకారం. పాత మందు చచ్చిపోయింది గనుక కొత్త మందు పోసి తూటాలు మళ్లీ నింపుదామనుకున్నాను. నాన్న సామాను వెతికితే తూటా మూతి మడిచే పరికరం దొరికింది. బల్ల అంచుకి బిగించి పిడి తిప్పాలి. చూస్తే కొబ్బరి కోరాముకి అన్నలా ఉంటుంది. మందు కొలిచే ఇత్తడి గిన్నె మాత్రం కనబడలేదు. రెండు రోజులు ఇల్లంతా తిరగేశాను. మూడోనాడు చాయ్ పెట్టుకుందామని చాపత్తా డబ్బా మూత తీస్తే అందులో ఉంది. కర్రపిడి, పిడి మీద డ్రాముల గీతలు. మా అమ్మ కోడలికి వంటిల్లు అప్పజెప్పిన రోజున ఇది కూడా అప్పజెప్పింది. ఒక డ్రాము అంటే 1.77 గ్రాములు. నలభై ఏళ్లుగా నేను తాగుతున్న చాయ్ కొలత మూడు డ్రాములు.

చంద్రపూర్‌లో తుపాకుల దుకాణం పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన తాపీగా చెప్పాడు. ఆ గిన్నె నల్ల తుపాకిమందు కాలం నాటిది, ఇప్పుడొచ్చేది పొగ లేని మందు. అదే గిన్నెతో దీన్ని కొలిస్తే బలం అనేక రెట్లు, ముందు పగిలేది నాళం, తర్వాతది నాళం పట్టుకున్నవాడి మొహం. "చాయ్‌కే వాడండి," అన్నాడు.

ఆ తర్వాత కాగజ్‌నగర్‌లో వకీలుగా ఉన్న బావమరిది ఫోన్. ఆయనకు ఎవరు చెప్పారో వేరే చెప్పక్కర్లేదు.

"బావా, లైసెన్సు తుపాకి ఉంచుకోనీకే. తూటాలు తయారుచెయ్యనీకే వేరే లైసెన్సు కావాలె. 1959 ఆయుధ చట్టం, అయిదో సెక్షన్. 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేండ్లకు తక్కువ గాదు."

"మరి అటక మీద దొరికినవో?"

"నీ లైసెన్సుల రాసి లేవు గదా. అక్కను అడుగు, ఏం జెయ్యాలో చెప్తది."

ఈ గడ్డ మీద అడగాల్సింది అక్కనే. బల్లార్షా కోట కట్టిన గోండు రాజు ఖాండ్క్యా బల్లాళ్ షా ఒకనాడు వేటకు వెళ్తే, కుందేలు ఆయన వేటకుక్కనే తరిమిందట. ఆ వింత ఇంటికొచ్చి రాణికి చెబితే, అక్కడ నగరం కట్టమందట. కట్టించాడు, అదే చంద్రపూర్ అంటారు. హంపీ గురించీ ఇలాంటి కథే మనవాళ్లు చెప్పుకుంటారు గాని, అక్కడ సలహా ఇచ్చింది గురువు. మా జిల్లాలో ఇల్లాలు.

మా ఆవిడ తూటాలు ముట్టుకోవద్దంది. స్టేషన్‌కు మరాఠీలో అర్జీ తనే రాసింది. తూటాను మరాఠీలో కాడతూస్ అంటారు. ఇన్నేళ్లుండీ నాకు ఆ మాట రాయడం రాదు. పోలీసులు వచ్చి లెక్కపెట్టారు. నిండువి ఇరవై ఒకటి, ఖాళీ ఒకటి.

"ఇది ఎక్కడ పేలింది?" అని అడిగాడు జమాదారు.

"పేలలేదు సాహెబ్, దగ్గింది," అంది మా ఆవిడ.

ఆయన నవ్వుని మీసం చాటున దాచుకుని నాకు అరగంట చీవాట్లు పెట్టాడు. ఒక్కటీ వృథా పోలేదు, అన్నీ నాకే తగిలాయి. పంచనామా రాసి, నా సంతకం తీసుకుని, డబ్బాతో సహా పట్టుకెళ్లారు.

మీ అటక మీద కూడా తాతల నాటి తూటాలుంటే దయచేసి ఎండబెట్టకండి, నింపకండి, కాల్చకండి. ఉన్నచోటే ఉంచి స్టేషన్‌కు కబురు చేయండి. జాడీ కోసం ఎక్కితే జాడీ తీసుకునే దిగండి. మాది ఇంకా దొరకలేదు. ఈ ఏడు ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టాం.