బేరసంజీవని: పాత మౌంటెన్ బైక్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

చక్ర మిరువదాఱు చాలునంచనవద్దు
ఫ్రేము కొలతఁ జూడు, బిగువుఁ గాంచు,
కాలు నేలఁ దాఁక గడయడ్డు లేకున్న
కొనుము బేరమాడి కొసరి కొసరి

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు 'సంజీవని' అనే వ్యాఖ్య రాశాడు. మూలంలో లేని ముక్క ఒక్కటీ రాయకూడదన్నది ఆయన పెట్టుకున్న కట్టుబాటు. ఆయనకు కాళిదాసు దొరికాడు కాబట్టి కట్టుబాటు నిలిచింది. ఇక్కడ మూలకర్తా వ్యాఖ్యాతా నేనే. నాలుగు పాదాల్లో పట్టని సరుకంతా వ్యాఖ్యలో దూర్చక తప్పదు. "కవి హృదయం ఇది కాదు" అని వాదించే వీలు ఎవరికీ లేకపోవడం ఈ ఏర్పాటులో ఉన్న సుఖం.

సందర్భం: జేబులో ఎనిమిది వేలు, మనసులో గేర్ల సైకిలు ఉన్న ఒకానొక హైదరాబాదు గృహస్థుడు "మౌంటెన్ బైక్, 26 సైజు, తక్కువ వాడినది, అర్జెంట్ సేల్" అన్న ప్రకటన చూసి చెప్పులు వేసుకుంటూ ఉండగా, గురువు అతణ్ణి గుమ్మంలోనే ఆపి చెబుతున్నాడు.

ప్రతిపదార్థం

చక్రము = చక్రం కొలత; ఇరువదాఱు = ఇరవయ్యారు అంగుళాలు(ట); చాలున్ + అంచు = అది తెలిస్తే చాలునని; అనవద్దు = అనబోకు; ఫ్రేము కొలతన్ = సైకిలు అస్థిపంజరం కొలతను; చూడు = టేపు పెట్టి చూడు; బిగువున్ = కీళ్ళ బిగింపును; కాంచు = ఊపి, లాగి, తిప్పి కనిపెట్టు; కాలు నేలన్ తాఁకన్ = రెండు పాదాలూ నేల మీద ఆనినప్పుడు; గడ = సీటుకీ హ్యాండిలుకీ మధ్యనున్న అడ్డకడ్డీ; అడ్డు లేకున్న = తగలరాని చోట తగలకపోతే; బేరమాడి కొసరి కొసరి = సిగ్గుపడకుండా; కొనుము = కొనుక్కో.

తాత్పర్యం

ఓ గృహస్థుడా! ప్రకటనలో రాసిన అంకె చక్రానిది, నీది కాదు. నీకు నప్పే ఫ్రేము ఏదో తేల్చుకో. నప్పితే కీళ్ళు తడిమి చూడు. ఆ తర్వాతే ధర మాట ఎత్తు. ఈ వరస తలకిందులైతే బేరంలో నువ్వు గెలిచిన వెయ్యి రూపాయలూ మోకాళ్ళ నొప్పి మందులకు పోతాయి.

ఇక వ్యాఖ్య.

"చక్ర మిరువదాఱు..."

ఇరువదాఱు ఎవరి సంఖ్య? పద్యం ప్రాణమంతా ఈ ప్రశ్నలో ఉంది. ఈ గందరగోళం మన ఇళ్ళలోనే పుట్టింది. తాతలు తొక్కిన నల్ల సైకిళ్ళకు "ఇరవైరెండు", "ఇరవైనాలుగు" అన్నవి ఫ్రేము ఎత్తులు. రెంటికీ చక్రం మాత్రం 28 అంగుళాలే. పొడగరి 24 కొనేవాడు, తక్కినవాళ్ళు 22. ఆ అంకె వింటే మనిషి ఎత్తు కొంత తెలిసేది. పిల్లల సైకిళ్ళూ గేర్ల సైకిళ్ళూ వచ్చాక షాపువాడు చెప్పే అంకె ఫ్రేము వదిలేసి చక్రానికి పోయింది: 20, 24, 26. ఇప్పుడు ఒకే ఇంట్లో తాత అనే ఇరవైనాలుగు ఫ్రేము, మనవడు అనే ఇరవైనాలుగు చక్రం. ఇద్దరూ కలిసి బేరానికి బయల్దేరతారు.

పూర్వపక్షం: "26 అంటే పెద్దవాళ్ళ సైకిలే గదా, పెద్దవాళ్ళందరికీ పనికిరాదా?" రాదు. ఏలయన, అదే 26 చక్రాల మధ్య 14 అంగుళాల ఫ్రేమూ ఉంటుంది, 20 అంగుళాల ఫ్రేమూ ఉంటుంది. అయిదడుగుల మనిషికీ ఆరడుగుల మనిషికీ చక్రం ఒకటే కావచ్చు గాని ఫ్రేము ఒకటి కాదు.

అసలీ 26 ఎక్కడిది? కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్ళు 1970లలో, తమ తండ్రుల కాలం నాటి లావుపాటి టైర్ల ష్విన్ సైకిళ్ళను ఏరి తెచ్చుకుని కొండల మట్టిదారుల్లో కిందికి వదిలేవాళ్ళు. 1976లో ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర దీన్నొక పందెంగా నడిపారు. కొండ దిగేసరికి వెనక హబ్బులోని బ్రేకు కాలిపోయి గ్రీజంతా పొగైపోయేది. మళ్ళీ గ్రీజు కూరి 'రీప్యాక్' చేస్తే గాని ఇంకోసారి దిగడానికి లేదు. పందేనికి ఆ పేరే స్థిరపడింది. 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఈ పనికోసమే కొత్త ఫ్రేములు కట్టాడు. పాత సైకిళ్ళ చక్రం 26 కాబట్టి కొత్త జాతికీ అదే సంక్రమించింది. అంటే మౌంటెన్ బైక్ జాతకంలోనే సెకండ్ హ్యాండ్ ఉంది. పాతది కొంటున్నానని నామోషీ పడేవారికి ఇది ప్రమాణం.

తర్వాత 27.5, 29 వచ్చాయి. టైరు కూర్చునే రిమ్ము అంచు వ్యాసం 26కి 559 మిల్లీమీటర్లు, 27.5కి 584, 29కి 622. ఈ మిల్లీమీటర్ల అంకె టైరు పక్కన చిన్న అచ్చులో ఉంటుంది. పెద్ద అచ్చులో ఉన్న అంగుళాలను నమ్మరాదు. ఉదాహరణకు లేడీస్ సైకిళ్ళకు వచ్చే 26 × 1⅜ టైరుకు ఆ అంచు వ్యాసం 590. పేరు ఇరవయ్యారే, మౌంటెన్ బైకు రిమ్ముకి మాత్రం ఎక్కదు. ఎనిమిది వేలవాడికి నా తీర్పు: చక్రం 26 అయినా నామోషీ లేదు. దాని ట్యూబు సందు చివర పంక్చర్ షాపులో దొరుకుతుంది.

"ఫ్రేము కొలతఁ జూడు..."

ఫ్రేము కొలత అంటే పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పైఅంచు దాకా ఉన్న పొడవు. ఇందులోనూ శాఖాభేదం ఉంది. కొన్ని కంపెనీలు పైఅంచు దాకా కొలుస్తాయి, కొన్ని అడ్డకడ్డీ మధ్యగీత దాకానే. అందుచేత ఒకరి 17 మరొకరి 18 అవుతుంది. స్టిక్కరు మీద S, M, L అని అక్షరాలే ఉంటే మరీ మాయ. ఒక కంపెనీ M ఇంకో కంపెనీ L కావచ్చు. టేపు తీసుకెళ్ళడం ఉత్తమం.

మీ కొలత ఇలా తీయాలి. చెప్పులు లేకుండా గోడకు ఆని నిలబడండి. లావుపాటి పుస్తకం ఒకటి కాళ్ళ మధ్య పెట్టి, సైకిలు సీటు ఒత్తినంత గట్టిగా పైకి ఒత్తండి. (ఏ పుస్తకమన్నది మీ ఇష్టం, పంచాంగం మరీ పల్చన, నిఘంటువు శ్రేష్ఠం.) పుస్తకం పైఅంచు నుంచి నేల దాకా సెంటీమీటర్లలో కొలిచి 0.225తో గుణిస్తే మీ మౌంటెన్ బైకు ఫ్రేము అంగుళాల్లో వస్తుంది. 78 సెంటీమీటర్లయితే 17.55. అంటే 17 గాని 18 గాని. ఇది మొదటి వడపోత మాత్రమే. చివరి మాట ఎక్కి తొక్కినప్పుడు మీ ఒళ్ళు చెబుతుంది.

సంశయం: రెంటి మధ్య పడితే ఏది? చిన్నదే. ఏలయన, చిన్న ఫ్రేముకు సీటు రాడ్ పైకి లాగొచ్చు, హ్యాండిలు స్టెమ్ పొడుగుది వేయించొచ్చు. పెద్ద ఫ్రేమును కోసి చిన్నది చేసే మెకానిక్ ఇంకా పుట్టలేదు. అయితే సీటు రాడ్ మీద చెక్కిన గీత ఒకటుంటుంది. ఆ గీత బయటికి కనబడేంత పైకి లాగితే రాడ్ వంగుతుంది, లేదా ఫ్రేము పైన చీలుతుంది. గీత దాటితే గాని కాళ్ళు చాపలేకపోతున్నారంటే ఆ సైకిలు మీది కాదు.

నిలువు కుదిరినా అడ్డం కుదరకపోవచ్చు. కూర్చుని హ్యాండిలు పట్టుకుంటే మోచేతులు కాస్త వంగి ఉండాలి. చేతులు కర్రల్లా చాచుకుపోయి మెడ నొప్పెడితే పొడుగెక్కువ. మలుపు తిప్పినప్పుడు మోకాలు హ్యాండిలుకు తగిలితే పొడుగు తక్కువ.

"బిగువుఁ గాంచు"

ఈ రెండు మాటల్లో కవి మెకానిక్ శాస్త్రమంతా కుదించాడు. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిలు కింద టకటకమంటే అక్కడి బేరింగులు వదులు. పెడల్ రాడ్ పట్టుకుని పక్కకి లాగండి. కదిలితే ఇరుసు వదులు. చక్రం లేపి తిప్పండి. బ్రేకు రబ్బరు దగ్గర అటూ ఇటూ నాట్యం చేస్తే బెండు తీయించాలి. ఇవన్నీ బాగుచేయించుకోదగ్గ దోషాలు.

బాగుచేయరానిది ఒకటుంది. హ్యాండిలు గొట్టం కింద, ఏటవాలు కడ్డీ వచ్చి అతుక్కునే చోట, గోరుతో గీరి చూడండి. పెయింటులో వెంట్రుకంత గీత కనబడి, అతుకు వెంట చుట్టూ తిరిగి, దాని పొడుగునా తుప్పు ఎర్రగా ఊరి ఉంటే అది చీలిక. "అది గీతే అన్నా, పెయింట్ పోయింది" అంటాడు అమ్మేవాడు. నమస్కారం పెట్టి వచ్చేయండి. సైకిలంతా పాతదై ఆ ఒక్క చోట మాత్రం కొత్త పెయింటు మెరుస్తుంటే రెండు నమస్కారాలు.

గొలుసుకు స్టీలు స్కేలు కావాలి. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టండి. లంకెకు అర అంగుళం లెక్కన దాని తర్వాతి 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటి జరిగిందంటే గొలుసు మార్చాలి. ఎనిమిదో వంతు జరిగితే గొలుసుతో పాటు వెనక పళ్ళచక్రాలు కూడా మార్చాలి. బేరంలో దీన్ని మించిన ఆయుధం లేదు. స్కేలు చూపించి మాట్లాడేవాడి ముందు "కండిషన్ సూపర్" అన్నవాడి గొంతు తగ్గుతుంది.

అలంకార చర్చ: సీటు కింద స్ప్రింగు ఉన్న చవక 'డబుల్ సస్పెన్షన్' అతిశయోక్తి అలంకారం. బరువు పెంచుతుంది, తొక్కిన బలంలో కొంత తాను మింగుతుంది, నాలుగు వర్షాలకు కిర్రుమంటుంది. మన 'మౌంటెన్' అనంతగిరి కావడం అరుదు. ఎక్కువ రోజులు అది స్పీడ్ బ్రేకరే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ లాంటి నున్నటి దారి మీద గరుకు టైర్లే కాళ్ళు పట్టుకు లాగుతాయి. దానికి తోడు వెనక స్ప్రింగు దేనికి?

ధ్వని: ప్రకటన భాషలో వాచ్యార్థం వేరు, వ్యంగ్యార్థం వేరు. "చిన్న సర్వీసు చేయిస్తే చాలు" అంటే బేరింగులు పోయాయని ధ్వని. "మా అబ్బాయి అమెరికా వెళ్ళాడు" అంటే నాలుగేళ్ళుగా బాల్కనీలో ఎండకు టైర్లు పగిలాయని ధ్వని. ఈ రెండోది నిజానికి శుభసూచకం. టైర్లు మారిస్తే, లోపల అరగని సైకిలు దొరకొచ్చు.

"కాలు నేలఁ దాఁక..."

సీటు ముందు, అడ్డకడ్డీకి రెండు వైపులా కాళ్ళు పెట్టి నిలబడండి. కడ్డీకీ మీకూ మధ్య కనీసం రెండంగుళాలు ఖాళీ ఉండాలి. రాళ్ళదారిలో హఠాత్తుగా దిగవలసి వచ్చినప్పుడు ఆ రెండంగుళాల విలువ తెలుస్తుంది. కవి మర్యాదస్థుడు కాబట్టి ఎక్కడ తగులుతుందో చెప్పలేదు.

పూర్వపక్షం: "పిల్లాడు ఎదుగుతున్నాడు, పెద్దది కొంటే రెండేళ్ళు వస్తుంది." ఇది యూనిఫారం న్యాయం. చొక్కా వదులైతే ఊగుతుంది, సైకిలు పెద్దదైతే పడేస్తుంది. "మేం కాలు ఫ్రేము సందులోంచి దూర్చి దొంగతొక్కుడు తొక్కి నేర్చుకోలేదా?" అని పెద్దలు అడుగుతారు. నిజమే, ఆ సందు నల్ల సైకిలుకు ఉంది. మౌంటెన్ బైకుకు అడ్డకడ్డీ వాలుగా దిగి ఆ సందును మూసేసింది. పెద్దలు నేర్చుకున్న విద్యకు ఇక్కడ చోటు లేదు.

"కొనుము బేరమాడి కొసరి కొసరి"

పాఠాంతరం: "కొనుము జేబు తడిమి కొసరి కొసరి." గణాలు సరిపోతాయి, అర్థమూ బాగుంది, ఎర్రగడ్డ ఆదివారం సంతకు వెళ్ళేవారు ఈ పాఠాన్నే గ్రహింతురు గాక. జేబులో ఎనిమిది వేలుంటే బేరం ఆరున్నర దగ్గర ఆగాలి. మిగతా పదిహేను వందలూ గొలుసు, బ్రేకు రబ్బర్లు, కేబుళ్ళు, మెకానిక్ చేతికూలి. మొత్తం అక్కడే పోసి వచ్చినవాడు నెల తిరక్కుండా సైకిలును బాల్కనీలో పెడతాడు. అక్కడి నుంచి "అర్జెంట్ సేల్" ఎంతో దూరం లేదు.

ఒక మాట మూలంలో పట్టలేదు. సైకిలుకు మోటారు బండిలా ఆర్‌సీ పుస్తకం లేదు. పెడల్ ఇరుసు కింద ఫ్రేములో గుద్దిన నంబరే దాని పుట్టుమచ్చ. సైకిలును తిరగేసి ఆ నంబరు చూడండి, ఫొటో తీసుకోండి, బిల్లు అడగండి. నంబరు గీకేసి ఉంటే మూడు వేలకు ఇచ్చినా ముట్టుకోవద్దు.

ఇంతకీ బయల్దేరేటప్పుడు టేపు, స్టీలు స్కేలు సంచిలో వేసుకోండి. సైకిలు మీ అమ్మాయికో అబ్బాయికో అయితే, "సర్‌ప్రైజ్ ఇద్దాం" అనుకోకుండా వాళ్ళనీ వెంట తీసుకెళ్ళండి.