అరటితొక్క సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం:
“అరటితొక్కే కదా, పారెయ్! భూమిలో పుట్టింది భూమిలోనే కలుస్తుందిలే.”

అవతారిక: శ్రీశైలం బస్సు మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమలలో పోతుండగా, పండు తిని తొక్క చేతిలో పట్టుకున్న కుర్రవాడు “నాన్నా, ఇదెక్కడ వెయ్యను?” అని అడిగెను. అప్పుడు కునుకు చెడిన తండ్రి కరుణించి ఉపదేశించినది ఈ వాక్యం.

ప్రతిపదార్థం: అరటితొక్కే = ప్లాస్టిక్కు కానిది, సీసా కానిది, కాబట్టి చెత్త కానిది; కదా = జవాబు అక్కర్లేని ప్రశ్న; పారెయ్ = కిటికీ అవతలికి, అనగా మనకు మళ్లీ కనబడని చోటికి, విడువుము; భూమిలోనే = తారురోడ్డు మీదనే; కలుస్తుంది = ఎప్పుడో ఒకప్పుడు; లే = ఇక నన్ను పడుకోనియ్యి.

తాత్పర్యం: ఓ కుమారా, కుళ్లనిదే చెత్త. కుళ్లేది విసిరిన దోషము లేదు. చేయి మాత్రం సీటు కవరుకు తుడవకుము.

విశేషాలు: విశేషాన్ని సామాన్యంతో సమర్థించడం చేత ఇందులో అర్థాంతరన్యాసాలంకారం. అలంకారం చక్కగా కుదిరింది గానీ, శాస్త్రం కుదరలేదు. తొక్క కుళ్లాలంటే తేమ కావాలి, మట్టిలోని సూక్ష్మజీవులు కావాలి. ఏప్రిల్ ఎండలో తారు మీద పడ్డది ఎండి నల్లటి తోలుముక్కై, టైర్ల కింద నలుగుతుంది. కమలా తొక్క ఇంకా మొండిది. దానిలోని నూనెకు పురుగు కూడా తొందరగా దగ్గరికి రాదు.

పైగా నల్లమలలో తొక్క దగ్గరికి భూమి కంటే ముందు కోతి వస్తుంది. ఒక తొక్క దొరికిన చోట రెండోదానికి కాచుక్కూర్చుంటుంది. అడవిలో పళ్లు వెతకడం మానేసి రోడ్డు వారన కాపురం పెడుతుంది, బండ్ల కింద పడుతుంది. మూలకర్త కోతి ఊసే ఎత్తకపోవడం గమనార్హం.

ఇక్కడ పూర్వపక్షం: “మా అమ్మమ్మ తొక్కలన్నీ పెరట్లోనే వేసేది. ఆవిడా చెత్త వేసినట్టేనా?” కానే కాదు. ఆవిడ వేసింది పెంటకుప్ప మీద. పేడ, బూడిద, రాలిన ఆకులు, ఊడ్చిన కసవు అన్నీ అందులోనే మాగేవి. తొలకరికి ముందు బండికెత్తించి పొలానికి తోలించేది. ఆ తొక్క ఎక్కడికి పోతుందో ఆవిడకు తెలుసు. బస్సు తొక్క సంగతి అడగడానికి మనిషే లేడు, ఆయన ఈపాటికి దోమలపెంట దాటాడు.

అరటితొక్క ఇక్కడ ఉపలక్షణం మాత్రమే. మామిడి టెంక, మొక్కజొన్న కండె, కొబ్బరి బోండాం కూడా గ్రహించవలెను. (పల్లీ పొట్టు విషయంలో ఈ వ్యాఖ్యాత మౌనం వహిస్తున్నాడు, రైలు ప్రయాణాలు చేసినవాడు గనుక.) వీటిలో బోండాం మహాపాతకి. చెక్కిన మూతి పైకి పెట్టి పడి ఉంటే వాన నీళ్లు నిలుస్తాయి. నీటిమట్టానికి కాస్త పైన, లోపలి గోడకు, డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు అంటిస్తుంది. నీళ్లు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికి, మళ్లీ వానకు పొదుగుతాయి. బోండాం మట్టిలో కలిసేలోపు ఎన్ని తరాల దోమలు బయటికొస్తాయో పాఠకులు ఊహించుకోవచ్చు.

ధర్మశాస్త్ర ప్రమాణం: 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి అప్పగించమన్నాయి. వీధిలో, బహిరంగ స్థలంలో, కాలువలో ఏ వ్యర్థమూ పారేయరాదన్నాయి. కుళ్లేదానికి మినహాయింపు రాయలేదు. కాబట్టి కిటికీలోంచి పడ్డ తొక్క చెత్తే. అదే తొక్క ఇంటికి తెచ్చి గులాబీ మొదట్లో పాతిపెడితే ఎరువు.

పాఠాంతరం: కొన్ని బస్సులలో “కవర్లో కట్టి పారెయ్” అన్న పాఠం వినిపిస్తున్నది. చేతులు శుభ్రంగా ఉంటాయని దాని సమర్థకుల వాదం. ముడి బిగిసిన కవర్లో గాలి ఆడదు, లోపల తొక్క పులిసి కంపు కొడుతుంది. ఆ వాసనకు వచ్చిన ఆవు ముడి విప్పడం తెలియక మొత్తం మింగుతుంది. ఇది అపపాఠం. దీనికి టీక రాయడానికి మనసొప్పలేదు.