లాల్‌దర్వాజా ఇంటి కంప్యూటర్ జీవితకథ

హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజాలో ఒక ఇంటి ముందుగదిలో పనిచేస్తున్న ఈ కంప్యూటర్ 2014లో పుట్టింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని కూర్చిన అసెంబుల్డ్ యంత్రమిది. నాలుగో తరం ఇంటెల్ కోర్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్ దీని పుట్టుకతో వచ్చినవి. మొదట ఇందులో ఉన్నది విండోస్ 7. మైక్రోసాఫ్ట్ 2015 జులై 29న విండోస్ 10 విడుదల చేసి, ఏడాదిపాటు ఉచితంగా మారే వీలు కల్పించినప్పుడు ఈ యంత్రం కూడా మారింది. అయితే పాతదాన్ని తుడవకుండా దాని మీదే కొత్తది వేశారు. ఉన్నదంతా వదిలించుకొని ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటి నుంచి వేసుకోవడం, అంటే క్లీన్ ఇన్‌స్టాల్, ఈ యంత్రానికి 2025 జులైలోనే జరిగింది. దాని జీవితంలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం అదే.

ఈ ఇంటికి బువ్వ పెట్టేది డీటీపీ పని. సాలార్‌జంగ్ మ్యూజియానికి దగ్గరలోని ఛత్తా బజార్ పెళ్లి పత్రికల అచ్చుకు పేరుపొందింది. అక్కడి ప్రెస్సులకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ పత్రికలను ఈ ఇంట్లో కంపోజ్ చేసి ఇస్తారు. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న ఇంటి పెద్దాయన ఉర్దూ చూసుకుంటారు, కోడలు తెలుగు చూసుకుంటుంది. ఒకప్పుడు ఉర్దూ పత్రికను కాతిబ్ అనే లేఖకుడు కలంతో రాయాల్సిందే. ఉర్దూ రాసే నస్తాలిఖ్ రాతలో అక్షరాలు ఏటవాలుగా దిగుతూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కాబట్టి విడి అక్షరాలతో దాన్ని పేర్చడం చాలా కష్టం. పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ మోనోటైప్ సంస్థతో కలిసి వేలకొద్దీ కూడిక రూపాలను సిద్ధం చేసి, 1981లో నూరీ నస్తాలిఖ్‌ను వాడుకలోకి తెచ్చారు. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ ఆ రాతను మామూలు కంప్యూటర్‌లోకి తెచ్చింది. తెలుగు కంపోజింగ్‌కు పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్నాయి. ఈ మూడింటి మీదే ఈ యంత్రం జీవితం నడిచింది. కాబట్టి క్లీన్ ఇన్‌స్టాల్ తర్వాత ఈ మూడూ మునుపటిలా పనిచేస్తేనే అది విజయవంతమైనట్టు.

ఏళ్లు గడిచేకొద్దీ యంత్రం మందగించింది. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికి చాలాసేపు పట్టేది, పత్రిక తెరిస్తే తెర బిగుసుకుపోయేది. ఇలాంటి మందకొడితనానికి రెండు రకాల కారణాలుంటాయి. మొదటిది సాఫ్ట్‌వేర్: వాడని ప్రోగ్రాములు, ఆన్ కాగానే వాటంతట అవే మొదలయ్యేవి, సగం తొలగిపోయిన డ్రైవర్లు, ఒక సిస్టమ్ మీద మరొకటి వేయడంతో మిగిలిన అవశేషాలు. ఇవి క్లీన్ ఇన్‌స్టాల్‌తో పోతాయి. రెండోది హార్డ్‌వేర్: అరిగిన డిస్క్, చెడిన ర్యామ్, దుమ్ముతో మూసుకుపోయిన ఫ్యాన్, బలహీనపడిన పవర్ సప్లై. వీటికి ఎన్నిసార్లు ఓఎస్ వేసినా ఫలితం ఉండదు. అందుకే ముందు పరీక్ష, తర్వాతే చికిత్స. డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలను క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రామ్ చూపిస్తుంది. ర్యామ్‌ను పరీక్షించే సాధనం విండోస్‌లోనే ఉంది. ఈ యంత్రంలో ర్యామ్ బాగానే ఉందని, హార్డ్‌డిస్క్‌లో మాత్రం పాడైన సెక్టార్లు పెరుగుతున్నాయని తేలింది. దాంతో 256 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి, అదనంగా 4 జీబీ ర్యామ్ తెచ్చారు. తిరిగే పళ్లెం మీద చదివే సూది ఉండే హార్డ్‌డిస్క్‌కు బదులు కదిలే భాగాలే లేని ఎస్ఎస్‌డీ అమర్చడం పాత యంత్రానికి చేయగలిగిన అన్నిటికన్నా పెద్ద మేలు.

ఇక ఏ సిస్టమ్ వేయాలన్నది తేల్చాలి. 2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా చిప్, సెక్యూర్ బూట్ సదుపాయం, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఎనిమిదో తరం నుంచే దాని అధికారిక జాబితాలో ఉన్నాయి. నాలుగో తరం యంత్రానికి ఆ తలుపు మూసుకుపోయింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని మైక్రోసాఫ్ట్ ముందే ప్రకటించింది. గృహ వినియోగదారులు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందే పథకాన్నీ తెచ్చింది. మూడో దారి లినక్స్. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04 అనే లినక్స్ రూపానికి ఐదేళ్ల ప్రామాణిక మద్దతు ఉంది, ధర లేదు. ఇంటర్నెట్, చదువు, ఉత్తరాలు, లెక్కలకే కంప్యూటర్ వాడే ఇంటికి అది మంచి ఎంపిక. కానీ ఇన్‌పేజ్, పేజ్‌మేకర్ విండోస్ కోసం తయారైనవి. అందువల్ల ఈ యంత్రానికి 64 బిట్ విండోస్ 10నే, దాని చివరి రూపమైన 22హెచ్2 వెర్షన్‌లో, వేయాలని నిర్ణయించారు.

ముహూర్తం కూడా పనిని బట్టే కుదిరింది. 2025లో ఆషాఢ మాసం జూన్ 26న, ముహర్రం ఆ మరునాడు మొదలయ్యాయి. ఆషాఢంలో తెలుగు ఇళ్లలో పెళ్లిళ్లు ఉండవు, ముహర్రంలో ముస్లిం ఇళ్లలోనూ సాధారణంగా పెట్టుకోరు. లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాల సందడిలో గల్లీ నిండినా పత్రికల పని మాత్రం ఖాళీగా ఉంటుంది. రాబడి తెచ్చే యంత్రాన్ని విప్పాలంటే ఇలాంటి ఖాళీ రోజులే సరైనవి. శ్రావణం వచ్చాక మొదలుపెట్టి ఉంటే ప్రతి గంట ఆలస్యానికీ ఒక పెళ్లివారు ఎదురుచూసేవారు.

క్లీన్ ఇన్‌స్టాల్‌లో అసలు పని డిస్క్ తుడవడానికి ముందే జరుగుతుంది. సున్నం వేసే ముందు ఇంట్లో సామాను బయట పెట్టినట్టే ఇక్కడా దాచుకోవలసినవన్నీ బయటికి చేరాలి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఫోల్డర్లు అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే ఉన్నాయి: బ్రౌజర్‌లోని బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు, ఈమెయిల్ ప్రోగ్రామ్ దాచిన ఉత్తరాలు, విండోస్ ఫోల్డర్‌లో విడిగా చేర్చిన ఫాంట్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ నంబర్లు, ప్రింటర్ మోడల్ పేరు. డెస్క్‌టాప్ మీది బొమ్మను కాపీ చేస్తే ప్రోగ్రామ్ రాదు, అది దారి చూపే షార్ట్‌కట్ మాత్రమే. ప్రోగ్రాములను వాటి అసలు ఇన్‌స్టాలర్ నుంచి మళ్లీ వేయాల్సిందే. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ గుప్తీకరణ తనంతట తానే అమలై ఉండవచ్చు కాబట్టి 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీని కూడా రాసిపెట్టుకోవాలి.

ఈ యంత్రంలో పదకొండేళ్ల పత్రికలున్నాయి. పాత వినియోగదారు మళ్లీ వచ్చి, పెద్దమ్మాయి పెళ్లికి వేసిన పత్రికలో పేర్లు మార్చి చిన్నమ్మాయి పెళ్లికి ఇమ్మంటారు. అలాంటి ఫైలు పోతే మళ్లీ మొదటి నుంచి కంపోజ్ చేయాలి. కాబట్టి వాటిని బయటి హార్డ్‌డిస్క్‌కు ఒకసారి, క్లౌడ్‌కు ఒకసారి కాపీ చేశారు. మొత్తం మూడు ప్రతులు ఉండాలని, అవి రెండు వేర్వేరు మాధ్యమాలలో ఉండాలని, ఒకటైనా ఇంటి బయట ఉండాలని ఈ రంగంలో ఒక నియమం ఉంది. 2020 అక్టోబరు వరదల్లో పాతబస్తీలో ఎన్నో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఒకే అల్మారాలో పెట్టిన రెండు ప్రతులు అలాంటి రోజున రెండూ పోతాయి. కాపీ అయిపోగానే పని పూర్తయినట్టు కాదు. ఆ ఫైళ్లలో కొన్నిటిని మరో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోవాలి.

తర్వాతిది ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్. మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద దాన్ని సిద్ధం చేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది. ఎవరో ఇచ్చిన, ముందే క్రాక్ చేసిన ప్రతులను వాడకూడదు. శుభ్రత కోసం చేసే పనికి మురికి నీళ్లు వాడితే ఫలం లేదు. వైఫై లేదా నెట్‌వర్క్ డ్రైవర్‌ను కూడా విడిగా దాచుకోవాలి. అది లేకపోతే కొత్త సిస్టమ్ ఇంటర్నెట్‌కు చేరలేదు, ఇంటర్నెట్ లేకపోతే ఆ డ్రైవర్ దొరకదు.

యంత్రాన్ని విప్పినప్పుడు దుమ్ము దులిపి, ఎస్ఎస్‌డీ బిగించి, పాత హార్డ్‌డిస్క్ కేబుల్‌ను ఊడదీశారు. ఇది ముఖ్యమైన జాగ్రత్త. పాత డిస్క్ తగిలించి ఉంటే పొరపాటున దాన్నే తుడిచే ప్రమాదం ఉంది. బూట్ ఫైళ్లు కూడా దాని మీదికి పోయి, తర్వాత దాన్ని తీసేస్తే యంత్రం లేవకుండా పోవచ్చు. మదర్‌బోర్డ్ మీది సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చారు. అది అయిపోతే గడియారం వెనక్కి పోతుంది, తేదీ తప్పయితే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు, యాక్టివేషన్ కూడా జరగకపోవచ్చు. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్‌కు కలిపారు.

ఆన్ చేయగానే బయోస్‌లోకి వెళ్లి యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతిని ఎంచుకున్నారు. యంత్రాన్ని బట్టి బయోస్ తెరిచే మీట డిలీట్, ఎఫ్2, ఎఫ్10లలో ఏదో ఒకటి అవుతుంది. యూఈఎఫ్ఐకి డిస్క్ జీపీటీ తీరులో ఉండాలి, పాత లెగసీ పద్ధతికి ఎంబీఆర్ సరిపోతుంది. బూట్ పద్ధతి, డిస్క్ తీరు పొసగనప్పుడు ఈ డిస్క్‌లో విండోస్ వేయడం కుదరదన్న సందేశం వస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యాక ప్రొడక్ట్ కీ అడిగినచోట తన దగ్గర కీ లేదన్న ఎంపికను నొక్కి, మునుపటి ఎడిషన్‌నే ఎంచుకున్నారు. అప్‌గ్రేడ్, కస్టమ్ అనే రెండు దారుల్లో కస్టమ్ అన్నదే క్లీన్ ఇన్‌స్టాల్. ఒకే డిస్క్ ఉన్న యంత్రంలోనైతే ఇక్కడే పాత పార్టిషన్లను డిలీట్ చేస్తారు, దాని తర్వాత వెనక్కి రావడం లేదు. ఖాళీ స్థలాన్ని ఎంచుకొని ముందుకు వెళితే విండోస్ తనకు కావలసిన ఈఎఫ్ఐ, 16 ఎంబీ రిజర్వ్డ్, ప్రధాన, రికవరీ పార్టిషన్లను తానే వేసుకుంటుంది.

డెస్క్‌టాప్ వచ్చి ఇంటర్నెట్ కలవగానే యాక్టివేషన్ తనంతట తానే జరిగింది. విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ యంత్రపు హార్డ్‌వేర్ గుర్తుతో ముడిపడి ఉంటుంది, అందులో మదర్‌బోర్డ్‌దే ప్రధాన పాత్ర. డిస్క్, ర్యామ్ మార్చినా ఆ లైసెన్స్ నిలుస్తుంది, మదర్‌బోర్డ్ మారిస్తే నిలవకపోవచ్చు. తర్వాత అప్‌డేట్లన్నీ పూర్తిచేసి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులు లేకుండా చిప్‌సెట్, గ్రాఫిక్స్, సౌండ్, ప్రింటర్ డ్రైవర్లు వేశారు.

పాతబస్తీ కంప్యూటర్‌కు ఇంకో మెట్టు ఉంది, అది భాషలది. తెలుగు యూనికోడ్‌లో 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే ఉంది. విండోస్ 10లో నిర్మలా యూఐ ఫాంట్ తెలుగును చూపిస్తుంది. ఎక్స్‌పీ నాటి గౌతమి, ఆ తర్వాతి వాణి మాత్రం కొత్త ఇన్‌స్టాల్‌లో నేరుగా రావు, ఆప్షనల్ ఫీచర్లలో తెలుగు అనుబంధ ఫాంట్ల కింద చేర్చుకోవాలి. ఉర్దూ టైప్‌సెట్టింగ్ ఫాంట్‌దీ ఇదే పద్ధతి, దాన్ని అరబిక్ లిపి అనుబంధంలో చూడాలి. అను ఫాంట్ల సంగతి వేరు. అవి యూనికోడ్ కావు, ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు రూపాలను ఉంచుతాయి. ఆ ఫాంట్ లేకపోతే పత్రికలోని రాతంతా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తుంది. ఫైలు భద్రంగా ఉన్నా ఫాంట్ పోతే పని పోయినట్టే. అందుకే అను, పేజ్‌మేకర్, ఇన్‌పేజ్ వేసిన వెంటనే పాత తెలుగు పత్రికను, పాత ఉర్దూ పత్రికను తెరిచి, వరుసలు, ఒత్తులు, నుఖ్తాలనే ఉర్దూ చుక్కలు సరిగా ఉన్నాయా అని ప్రింట్ తీసి చూశారు.

అన్నీ కుదిరాక, కొత్త ఫైళ్లు చేరకముందే, మొత్తం ఎస్ఎస్‌డీకి ఒక సిస్టమ్ ఇమేజ్ తీసి బయటి డిస్క్‌లో పెట్టారు. మళ్లీ కష్టం వస్తే ఇదంతా మొదటి నుంచి చేయనక్కరలేదు, ఆ ఇమేజ్‌ను తిరిగి ఎక్కిస్తే చాలు. పాత హార్డ్‌డిస్క్‌ను తుడవకుండా అట్టపెట్టెలో పెట్టి తేదీ రాసి దాచారు. శ్రావణంలో పత్రికల పని మొదలైంది. యంత్రం ఇప్పుడు వేగంగా లేస్తోంది, తెలుగులోనూ ఉర్దూలోనూ తడబడకుండా పనిచేస్తోంది.

పదకొండేళ్ల యంత్రాన్ని పారేయకుండా కాపాడుకోవడం సాధ్యమేనని ఈ జీవితం రుజువు చేసింది. అయితే అది తిరిగి నిలబడింది ఇన్‌స్టాల్ వల్ల మాత్రమే కాదు, దానికి ముందు ఇంటివారు పడిన శ్రమ వల్ల. సిస్టమ్‌ను ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. ఒక ఇంటి పదకొండేళ్ల పనిని మాత్రం ఏ పెన్‌డ్రైవ్ తిరిగి తేలేదు. కాబట్టి ఇంట్లో కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయాలనుకునే ప్రతి ఒక్కరూ ముందు కాపీ తీయండి, ఆ కాపీని మరో యంత్రంలో తెరిచి చూడండి, ఫాంట్లతో సహా అన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాకే డిలీట్ నొక్కండి.