దిగి, చేత్తో తిప్పండి: కొండదారి బండ్లకు తలకిందుల సలహాలు

కొయ్యూరు మండలంలో ఫోర్‌వీల్ బండి తోలేవాళ్ళకు నేను చెప్పే మాటలు చాలామందికి తలకిందులుగా తోస్తాయి. సీట్లోంచి కదలకుండానే ముందు చక్రాలు పట్టుకునే ఆటో హబ్ ఉండగా, దాన్ని తీసేసి చేత్తో తిప్పే మాన్యువల్ హబ్ పెట్టుకోమంటాను. వానలో, బురదలో దిగమంటాను. ఇదేం వెనకబాటు అంటారు. అయినా ఈ కొండల్లో అదే సరైన పని అని నా గట్టి నమ్మకం. కారణాలు సలహాల వెంటే చెబుతాను.

ముందు ఆ వస్తువు చేసే పనేమిటో చూద్దాం. పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ బండిలో ముందు యాక్సిల్‌కు ఇంజను బలం పంపేదీ ఆపేదీ ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఉండే చిన్న గేరు రాడ్డు. ఆ రాడ్డును టూవీల్‌లో పెట్టినా, ముందు చక్రానికీ లోపలి షాఫ్టుకూ ఫ్లేంజి బిగించి ఉంటే చక్రం తిరిగినంతసేపూ షాఫ్టూ, క్రౌనూ, ముందు ప్రొపెల్లర్ షాఫ్టూ ఊరికే తిరుగుతూనే ఉంటాయి. ఫ్లేంజి స్థానంలో లాకింగ్ హబ్ పెడితే చక్రాన్ని షాఫ్టుతో కలపాలో విడదీయాలో మీ చేతిలో ఉంటుంది. 1948లో అమెరికాలో ఆర్థర్ వార్న్ ఈ హబ్‌లతోనే తన కంపెనీ మొదలుపెట్టాడు. యుద్ధంలో మిగిలిపోయిన విల్లీస్ జీపులను మామూలు రోడ్ల మీద నడుపుకొనేవాళ్ళు ఆయన కొనుగోలుదారులు. ఆ విల్లీస్ వంశాన్నే మహీంద్రా మన దేశానికి తెచ్చింది. మన ఏజెన్సీ జీపుల తాతలు అవే.

1. మైలేజీ కోసం పెట్టించుకోకండి

అమ్మేవాళ్ళు మొదట చెప్పేది డీజిల్ ఆదా. హబ్‌లు విడదీస్తే కొంత ఆదా అవుతుంది, కానీ కొంతే. హబ్‌ల ఖరీదు డీజిల్లో రాబట్టుకుందామనుకుంటే నిరాశే. అసలు లాభాలు వేరు. ముందు షాఫ్టుల జాయింట్ల అరుగుదల తగ్గుతుంది. ముందు షాఫ్టో జాయింటో విరిగితే రెండు హబ్‌లూ ఫ్రీ చేసుకుని వెనక చక్రాల మీద ఇల్లు చేరవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకసారి లాక్ చేశాక ముందుకు పోయినా వెనక్కి వచ్చినా పట్టు వదలదు. ఆటో హబ్‌లలో ఒక రకం షాఫ్టు తిరిగే దిక్కును బట్టి పట్టుకుంటుంది. బురదలో బండిని ముందుకీ వెనక్కీ ఊపి బయటికి లాగేటప్పుడు దిక్కు మారిన ప్రతిసారీ అది వదిలి మళ్ళీ పట్టాలి. మరో రకం గాలి పీల్చే గొట్టాలతో పనిచేస్తుంది. రాళ్ళూ తుప్పలూ తగిలి ఆ గొట్టం చిరిగితే పని ఆగినట్టే.

2. కొనేముందు మీ బండినే అనుమానించండి

దుకాణంవాడు "అన్నిటికీ పడుతుందండీ" అంటే అక్కణ్ణుంచి వచ్చేయండి. షాఫ్టు చివర పళ్ళు కొన్ని యాక్సిళ్ళకు 10, కొన్నిటికి 19, కొన్నిటికి 27 ఉంటాయి. పాత జీపు ఫ్లేంజికి ఆరు బోల్టులు. లెక్కపెట్టి, పాతదాన్ని చేతిలో పట్టుకుని మరీ కొనండి. ఆటో హబ్ ఉన్న కొన్ని బండ్లలో స్పిండిల్ నట్టే హబ్ పనిలో భాగం. అలాంటప్పుడు హబ్‌తోపాటు నట్టూ వాషరూ మార్చాలి. బేరింగు మొత్తం ఒకే ముద్దగా సీలు చేసి వచ్చే కొత్తరకం యాక్సిల్ అయితే స్పిండిల్‌తో సహా మార్పు కిట్టు కావాలి. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం పోయే ఫుల్‌టైమ్ బండికైతే ఈ పని తలపెట్టనే వద్దు. మధ్య డిఫరెన్షియల్ లాక్ కాకుండా ముందు హబ్‌లు విడదీస్తే బలమంతా ముందు షాఫ్టును ఊరికే తిప్పుతుంది, బండి కదలదు. వారంటీలో ఉన్న బండి అయితే కంపెనీనీ బీమావాళ్ళనూ ముందే అడగండి. కంపెనీ తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు పెట్టింది.

3. హబ్ బిగించడానికి తొందరపడకండి, పాత బేరింగు దగ్గరే ఎక్కువసేపు కూర్చోండి

హబ్ బిగించడం చిన్న పని. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ముందు జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండు వేయండి. ఒట్టి జాకీని నమ్మి చక్రం విప్పవద్దు. బోల్టులు విప్పి, సర్‌క్లిప్ తీసి, ఫ్లేంజి లాగేస్తే లోపల స్పిండిల్ నట్టు కనిపిస్తుంది. చాలామంది అక్కడితో ఆగి కొత్త హబ్ తగిలిస్తారు. మీరు ఆగకండి. నట్టు విప్పి బేరింగులు బయటికి తీసి కడగండి. రోలర్ల మీద నీలం మచ్చా గుంటా ఉంటే మార్చేయండి. ఆయిల్ సీలు కొత్తది వేయండి. మళ్ళీ బిగించేటప్పుడు చక్రాన్ని తిప్పుతూ నట్టు గట్టిగా బిగించి, కొద్దిగా వదిలి, ఆటలేకుండా తేలిగ్గా తిరిగేచోట ఆపండి. కొలత మీ బండి పుస్తకంలో ఉన్నదే వాడండి. తర్వాత లాక్ నట్టు వేసి వాషర్ నాలుక మడవండి. బేరింగు వదులైతే ఎంత మంచి హబ్ అయినా చక్రం ఊగులాటకు పాడవుతుంది.

4. గ్రీజు దగ్గర పిసినారిగా ఉండండి

బేరింగు నిండా గ్రీజు కూరాలి, అది నిజం. హబ్ లోపల మాత్రం పళ్ళకూ స్ప్రింగుకూ పల్చటి పూత చాలు. ఎక్కువ మంచిదని నింపేస్తే జారాల్సిన రింగు గ్రీజులో ఇరుక్కుంటుంది. లంబసింగి చలిలో తెల్లవారుజామున ఆ గ్రీజు గట్టిపడితే తిప్పుడు బిళ్ళ కదలదు. బోల్టుల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ఎదురెదురు బోల్టులను వరసగా బిగించండి. కొంత దూరం నడిపాక ఇంకోసారి చూడండి. వదులు బోల్టు మీద బరువు పడితే అది తెగిపోతుంది.

5. పీకేసిన పాత ఇనుము బండిలోనే మోయండి

ఫ్లేంజీలు పాత సామాన్లవాడికి అమ్మకండి. వాటి బోల్టులు, రెండు గ్యాస్కెట్లు, సర్‌క్లిప్ ప్లయరు కలిపి గోనెసంచిలో కట్టి సీటు కింద పెట్టండి. అడవిలో హబ్ పగిలితే విడిభాగానికి నర్సీపట్నం దాకా దిగాల్సిన పనిలేదు. అక్కడే ఫ్లేంజి బిగించుకుని ముందు చక్రాల బలం పోకుండానే రావచ్చు.

6. బురద కనిపించకముందే లాక్ చేయండి

దిగబడ్డాక దిగి తిప్పుదాంలే అనుకోవడం సహజం. అప్పటికి హబ్ బురదలో మునిగి ఉంటుంది, బిళ్ళ చేతికి దొరకదు. వానాకాలంలో తారురోడ్డు వదిలే మలుపు దగ్గరే రెండు హబ్‌లూ లాక్ చేయండి. హబ్ లాక్ చేసి రాడ్డు టూవీల్‌లో ఉంచి తారు మీద పోయినా నష్టం లేదు, షాఫ్టులు ఊరికే తిరుగుతాయంతే. కావలసినప్పుడు సీట్లోంచే రాడ్డు వేసుకోవచ్చు. ఫోర్‌వీల్ వేసి మాత్రం గట్టి రోడ్డు మీద పోకండి. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరు వేరు దూరాలు తిరగాలి. తారు మీద చక్రం జారదు కాబట్టి ఆ తేడా అంతా షాఫ్టుల మీద పడుతుంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఇ జాతీయ రహదారి మీదికీ, దాని పక్క గూడేల మట్టిదారుల్లోకీ మన బండి ఒకే రోజు ఎన్నోసార్లు ఎక్కి దిగుతుంది. తారుకూ మట్టికీ ఉన్న ఈ తేడా తెలియాల్సింది మనకే.

ముందే లాక్ చేయమనడానికి ఇంకో కారణం ఉంది. వెనక చక్రాలు గిర్రున తిరిగితే దారిలో గాడి పడుతుంది. చాలా గూడేల దారులు అక్కడివాళ్ళు శ్రమదానంతో చదును చేసుకున్నవి. ఈ మన్యంలో దారి కోసం జనం చెమట పోయడం కొత్తకాదు. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ దారి పనుల్లో గిరిజనులను పీడించడం 1922లో అల్లూరి సీతారామరాజు పోరాటానికి దారితీసిన కారణాల్లో ఒకటి. గూడేలవాళ్ళు వేసుకున్న దారిని మన చక్రం తవ్వేయకూడదు.

7. బిళ్ళ తిరగకపోతే బలం వాడకండి

పానాతో, ప్లయరుతో తిప్పితే బిళ్ళ అంచు విరుగుతుంది. లోపలి పళ్ళు ఎదురెదురు రాకపోవడమే చాలాసార్లు కారణం. బండిని అడుగు దూరం జరిపి మళ్ళీ చేత్తోనే తిప్పండి. రెండువైపులా ఒకే గుర్తు మీద ఉన్నాయా అని నడిచి వెళ్ళి చూడండి. ఒకటి లాక్, ఒకటి ఫ్రీ అయితే డిఫరెన్షియల్ బలమంతా ఫ్రీగా ఉన్న షాఫ్టుకే పంపుతుంది, ముందు యాక్సిల్ లాగదు. హబ్‌లు ఫ్రీగా ఉంచి లో గేరులో బరువు లాగకండి. ఆ పెద్ద బలం ఒక్క వెనక యాక్సిల్ మీదే పడుతుంది.

8. అవసరం లేని నెలలో కూడా వాడండి

మాఘం నుంచి వైశాఖం దాకా దారులు ఎండి ఉంటాయి, హబ్ జోలికి ఎవరూ పోరు. ఆ నెలల్లోనే నెలకోసారి లాక్ చేసి కొన్ని కిలోమీటర్లు నడపండి. క్రౌను తిరిగితేనే లోపలి ఆయిల్ పైభాగాలకు చేరుతుంది, సీళ్ళు ఎండిపోవు. లేదంటే తొలకరి రోజున బిళ్ళ బిగుసుకుని ఉంటుంది.

9. గెడ్డ దగ్గర ఆలస్యం చేయండి

నేను మాన్యువల్ హబ్ కోరేది ముఖ్యంగా ఇందుకే. హబ్ కోసం దిగినవాడు గట్టు మీద నిలబడతాడు. నీటి రంగు చూస్తాడు, వేగం చూస్తాడు, ఎదుటి గట్టు కోసుకుపోయిందేమో చూస్తాడు. సీట్లోంచి మీట నొక్కినవాడికి అద్దంలోంచి నీటి పైభాగమే కనిపిస్తుంది. పారే నీరు 60 సెంటీమీటర్లుంటే పెద్ద బండిని కూడా లాక్కుపోగలదు. హబ్‌లూ, టైర్లూ, అనుభవమూ ఏవీ దాన్ని ఆపలేవు. అప్పుడు ఆగిపోవడమే డ్రైవరు పని.

దాటగలిగినా వెంటనే దూకించకండి. ఘాట్ దిగి వచ్చిన హబ్ వేడిగా ఉంటుంది. చన్నీళ్ళలో పడగానే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు సందుల్లోంచి నీటిని పీలుస్తుంది. కాసేపు చల్లారనివ్వండి. వానాకాలంలో అప్పుడప్పుడు హబ్ విప్పి చూడండి. గ్రీజు పాలరంగులోకి తిరిగితే నీరు చేరినట్టే, కడిగి కొత్తది పెట్టాలి.

10. దిగుడులో బ్రేకును తక్కువ నమ్మండి

నిటారు మట్టిదిగుడులో హబ్‌లు లాక్ చేసి, లో ఫోర్‌వీల్‌లో చిన్న గేరు వేసి, ఇంజను పట్టుతో దిగండి. మాన్యువల్ హబ్ చక్రం షాఫ్టును తోసినా వదలదు కాబట్టి ఇంజను పట్టు నాలుగు చక్రాలకూ అందుతుంది. తారు ఘాట్‌లో మాత్రం టూవీల్‌లోనే చిన్న గేరుతో దిగాలి.

11. బండి తమది కాని చేతులకూ నేర్పండి

హబ్ బిగించిన రోజే క్లీనరుకూ, ఇంట్లోవాళ్ళకూ, గూడెంలో బండి తోలడం వచ్చిన ప్రతి కుర్రాడికీ చూపించండి. లాక్, ఫ్రీ గుర్తుల మీద ఎర్ర, తెల్ల రంగులు వేసి, ఏ రంగు దేనికో తెలుగులో రాసి అద్దం పక్కన అంటించండి. రాత్రివేళ నొప్పులతో ఉన్న మనిషిని డోలీలో దారి దాకా మోసుకొచ్చేసరికి మీరు ఊళ్ళో లేకపోవచ్చు. బండి ఉండి, తాళం ఉండి, ముందు చక్రాలు ఎలా కలపాలో తెలియక ఆగిపోతే మనం పెట్టిన ఖర్చంతా వృథా. ఈ హబ్ పనిచేయాలంటే దాన్ని తిప్పడం తెలిసిన చేయి కావాలి. అలాంటి చేతులు ఊళ్ళో ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది.