నేను, మీరు మూయకుండా వదిలేసిన ఖాతాను

నేనొక ఉద్యోగాల వెబ్‌సైట్‌లో ఖాతాను. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్న ఒక విద్యార్థి నన్ను తెరిచాడు, ఉద్యోగం రాగానే వదిలేశాడు. వదిలేశాడే గాని మూయలేదు. సర్వర్‌లో నాకంటూ ఉన్నది ఒక వరుస, దానికి తగిలించిన రెజ్యూమె. ఆ వరుసలో పూర్తి పేరు, ఈమెయిల్, అప్పటి ఫోన్ నంబరు, హాష్‌గా మార్చి దాచిన పాస్‌వర్డ్, 'మీరు చదివిన మొదటి బడి ఏది' అన్న ప్రశ్నకు జవాబు ఉన్నాయి. రెజ్యూమెలో అంతకంటే ఎక్కువే ఉంది: తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరుతో సహా శాశ్వత చిరునామా, పదో తరగతి నుంచి మార్కుల శాతాలు, పాస్‌పోర్టు నంబరు, చివర్న 'పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను' అన్న వాక్యం, దాని కింద సంతకం. మన దగ్గర రెజ్యూమెలు అలాగే రాయడం అలవాటు. ఆ తర్వాత అతని ఊరు మారింది, ఫోన్ మారింది, జీతం మారింది. పుట్టిన తేదీ మారదు కదా, తండ్రి పేరూ మారదు. అందుకే, పాతబడింది కాబట్టి దీంతో ఎవరికీ పని లేదని నన్ను కొట్టిపారేయడం సరికాదు.

వాడుతున్న ఖాతా కన్నా వాడని ఖాతాతోనే ప్రమాదం ఎక్కువ. రోజూ తెరిచే ఖాతాలోకి ఎవరైనా చొరబడితే ఆ సంగతి యజమానికి ఎలాగోలా తెలుస్తుంది. నాలోకి చొరబడితే హెచ్చరిక మెయిల్ వెళ్లేది కాలేజీ రోజుల మెయిల్‌బాక్సుకు. దాన్ని తెరిచి చూసే మనిషి లేడు. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగిస్తామని గూగుల్ 2023 మేలో ప్రకటించినప్పుడు చెప్పిన కారణం ఇలాంటిదే: వాడని ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ ఉండే అవకాశం, వాడే ఖాతాలతో పోలిస్తే కనీసం పది రెట్లు తక్కువ. నాకు కూడా అది లేదు. ఉన్నదల్లా ఒక్క పాస్‌వర్డ్, అదీ అతను అప్పట్లో అన్నిచోట్లా పెట్టుకున్నదే.

అన్నిచోట్లా ఒకటే పెట్టుకుంటే ఏమవుతుందో లోకం చూసింది. 2012లో లింక్డిన్ నుంచి సుమారు 65 లక్షల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయని మొదట అనుకున్నారు. నాలుగేళ్ల తర్వాత, 2016లో, దాదాపు 11.7 కోట్ల మంది ఈమెయిళ్లు, పాస్‌వర్డ్‌లు అమ్మకానికి వచ్చాయి. ఆ ఏడాది జూన్‌లో మార్క్ జుకర్‌బర్గ్ ట్విటర్, పింటరెస్ట్ ఖాతాలు కాసేపు పరుల చేతికి పోయాయి. పాస్‌వర్డ్ లింక్డిన్ లీకులోనే దొరికిందని చొరబడినవాళ్లే చెప్పుకున్నారు. జన్యు పరీక్షలు చేసే అమెరికా కంపెనీ 23అండ్‌మీ ఉదంతం ఇంకా ఆలోచింపజేస్తుంది. 2023లో దుండగులు మరెక్కడో లీకైన పాస్‌వర్డ్‌లతో నేరుగా తెరిచినవి సుమారు 14,000 ఖాతాలే. వాటి నుంచి బంధుత్వాలను వెతికే సదుపాయం ద్వారా చేతికందినవి దాదాపు 69 లక్షల మంది వివరాలు. అంటే ఒకరి పాత పాస్‌వర్డ్‌కు మూల్యం చెల్లించినవాళ్లలో, ఆ పాస్‌వర్డ్‌తో ఏ సంబంధమూ లేని బంధువులు ఉన్నారు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఆ రోజుల్లోనే, మీ సమాచారం తొలగించుకునే హక్కు మీకుందని కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ప్రజలకు గుర్తుచేశారు. కంపెనీ అమ్ముడుపోతే, దాని ఆస్తుల్లో నాలాంటి ఖాతాలూ ఉంటాయి మరి.

'నేను మామూలు మనిషిని, నా దగ్గర దోచుకోవడానికి ఏముంది' అంటారు చాలామంది. లీకైన జాబితాలను ఒక్కో పేరూ చదివి మనిషిని ఎంచుకుంటారనుకుంటే ఆ మాట నిలుస్తుంది. కానీ లక్షల ఖాతాలను వరసపెట్టి ప్రయత్నించేవి ప్రోగ్రాములు, వాటికి గొప్పవాడూ మామూలువాడూ ఒకటే. పైగా ఇలాంటి రెజ్యూమె చేతిలో ఉన్న మోసగాడు, కాలేజీ పేరు, పాసైన ఏడాది చెప్పి మరీ ఉద్యోగం ఇస్తానని నమ్మించగలడు. పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లలో ఖాతాలైతే నాకన్నా ఎక్కువ మోస్తున్నాయి: గోత్రం, పుట్టిన సమయం, జీతం, తోబుట్టువుల వివరాలు, పట్టుచీరలో ఫోటోలు. పెళ్లయి పిల్లలు బడికి వెళ్తున్నా వాటిని మూసినవాళ్లు తక్కువే.

ఫోన్ నంబరు సంగతి ఇంకొకటి. మూతపడిన నంబరును కనీసం 90 రోజులు ఇంకెవరికీ ఇవ్వరని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. ఆ తర్వాత ఇవ్వొచ్చు. పాత నంబరుతో ఉన్న వాట్సాప్ ఖాతాను తొలగించుకుని గోప్యత కాపాడుకోవాల్సింది పాత చందాదారే అని కోర్టు స్పష్టం చేసింది. అమెరికాకో గల్ఫ్‌కో వెళ్లి ఇక్కడి సిమ్ వదిలేసిన తెలుగువాళ్లు ఈ మాట ప్రత్యేకంగా పట్టించుకోవాలి. నా పాస్‌వర్డ్ మార్చడానికి వచ్చే ఓటీపీ ఈపాటికి ఎవరో అపరిచితుడి ఫోన్‌కు వెళ్తూ ఉండొచ్చు.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: ఒకసారి బయటికి పోయింది పోయినట్టే, ఇప్పుడు మూసి ఏం లాభం? మూసినా కంపెనీ దాచుకుంటే? ఇందులో మొదటి సగం నిజమే, లీకైన ప్రతిని వెనక్కి తేలేం. కానీ పూర్తిగా చెరిపేసిన ఖాతా రేపటి లీకులో ఉండదు, దాని పాస్‌వర్డ్ దాన్ని తెరవదు. రెండో భయానికీ ఆధారం లేకపోలేదు. 2015లో డేటింగ్ వెబ్‌సైట్ యాష్లీ మాడిసన్ లీకులో, తమ వివరాలు చెరిపేయమని 19 డాలర్లు కట్టినవాళ్ల సమాచారమూ బయటపడింది. అందుకే మూసేముందు ఖాళీ చేయాలి: రెజ్యూమె తీసేసి, ఫోటోలు తొలగించి, మార్చగలిగిన వివరాలు మార్చి, ఆ తర్వాతే డిలీట్ నొక్కాలి. చట్టం అండ కూడా వస్తోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 12వ సెక్షన్ మన వివరాలు చెరిపేయమని అడిగే హక్కు ఇచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతల అమలుకు మాత్రం 18 నెలల గడువిచ్చారు. అంతదాకా ఆగనక్కర్లేదు. జ్ఞాపకాలు పోతాయన్న బెంగకూ దారి ఉంది. 2014 సెప్టెంబరు 30న సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్ మూతపడినప్పుడు, ప్రొఫైలు సమాచారం దించుకోవడానికి 2016 సెప్టెంబరు దాకా గడువిచ్చారు. ప్రతి కంపెనీ అంత మర్యాదగా సెలవు తీసుకోదు. కావలసినవి ముందే దించుకోండి.

నన్ను వెతకడం కష్టమేమీ కాదు. పాత మెయిల్‌బాక్సులో వెల్‌కమ్, వెరిఫై, రిజిస్ట్రేషన్ అన్న మాటలతో వెతికితే నాలాంటివి బయటపడతాయి. బ్రౌజర్ దాచుకున్న పాస్‌వర్డ్‌ల జాబితా, 'గూగుల్‌తో లాగిన్' అయిన యాప్‌ల జాబితా ఇంకొన్ని చూపిస్తాయి. భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' వెబ్‌సైట్‌లో ఈమెయిల్ ఇస్తే, అది ఏయే లీకుల్లో ఉందో తెలుస్తుంది. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే ఖాతా పోదు, డీయాక్టివేట్ చేసినా పోదు. పాత మెయిల్‌బాక్సును మాత్రం అన్నిటికన్నా చివర మూయండి, మిగతావాటిని మూయడానికి వచ్చే లింకులు అందులోకే వస్తాయి. ఈ ఆదివారం ఉద్యోగాల వెబ్‌సైట్లతో, పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లతో మొదలుపెట్టండి. అమ్మానాన్నల పేరున మీరు తెరిచిన ఖాతాలు కూడా మీరే మూయండి, అవి ఉన్నాయని వాళ్లకు తెలియకపోవచ్చు.