తెల్లాపూర్ సెలెక్టర్ గారు

భారత క్రికెట్ జట్టును అజిత్ అగార్కర్, ఆయనతోపాటు మరో నలుగురు కూర్చుని ఎంపిక చేస్తారని పేపర్లవాళ్ళు రాస్తుంటారు. పాపం, వాళ్ళకు ముంబై దాకే తెలుసు. అసలు ఎంపిక రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు, వాకింగ్ అయ్యాక, తెల్లాపూర్‌లో మా గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్ మెట్ల మీద జరుగుతుంది.

సెలెక్టర్ గారి అసలు పేరు ఆయన ఫ్లాటు తలుపు మీద ఇత్తడి అక్షరాల్లో ఉంది. దాంతో ఎవరికీ పని లేదు. డెలివరీ కుర్రాడు వచ్చి అడిగితే వాచ్‌మన్ కూడా "సెలెక్టర్ సార్ ఇల్లా? సీ బ్లాకుకు పో" అంటాడు. వయసు నలభై మూడు. మోకాలికి నీక్యాప్, చేతిలో ఫోను. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో డెలివరీ మేనేజరు.

ఇలాంటి మనిషి తయారవడానికి తెల్లాపూర్ లాంటి ఊరు కావాలి. జిల్లా సంగారెడ్డి, చెప్పుకునేది హైదరాబాద్, మనసు న్యూజెర్సీ. చుట్టూ సగం లేచిన టవర్లు, వాటి నెత్తిన క్రేన్లు, గేటు దగ్గర నీళ్ళ ట్యాంకర్ల వరస. ఆఫీసు నుంచి గోపనపల్లి మీదుగా ఇల్లు చేరేసరికి కారులో గంట. మనిషిని గంటసేపు కదలనివ్వకుండా కూర్చోబెడితే దేశం గురించి ఆలోచించడం మొదలుపెడతాడు. సెలెక్టర్ గారు నల్లగండ్ల సిగ్నల్ దగ్గర ఓపెనర్లను మారుస్తారు, తెల్లాపూర్ రైల్వే స్టేషన్ దాటేలోపు స్పిన్నర్ల సంగతి తేలుస్తారు.

ఆయన పద్ధతి ఒక్కటే. తన జట్టును మ్యాచ్‌కి ముందు చెప్పరు, అయ్యాక చెప్తారు. అందుకే ఆయన జట్టు ఇంతవరకు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

2025 చాంపియన్స్ ట్రోఫీకి సిరాజ్‌ను తీసుకోలేదు. బంతి పాతబడ్డాక అతని ప్రభావం తగ్గుతుందని కెప్టెన్ రోహిత్ కారణం చెప్పాడు. ఆ రాత్రి సెలెక్టర్ గారు మెట్ల మీద కూర్చోలేదు, నిలబడే మాట్లాడారు. "టోలిచౌకి కుర్రాడండీ. ఆటో తోలిన తండ్రి కొడుకు. ఇవాళ తెలంగాణ పోలీసుశాఖలో డీఎస్పీ. డీఎస్పీకే న్యాయం జరగకపోతే మనలాంటి వాళ్ళ గతేమిటి?" అన్నారు. తీరా మనవాళ్ళు ఆ ట్రోఫీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా కప్పు తెచ్చారు. "సిరాజ్ ఉంటే ఇంకా తొందరగా తెచ్చేవాళ్ళు" అని ఆయన కేసు అలాగే ఉంచారు. అదే ఏడు ఆగస్టులో ఓవల్‌లో 6 పరుగుల తేడాతో టెస్టు గెలిచినప్పుడు, సిరీస్‌లో సిరాజ్‌వి 23 వికెట్లని లెక్క తేలినప్పుడు, సెలెక్టర్ గారు కాజూ కత్లీ డబ్బాతో బ్లాకులన్నీ తిరిగారు. డబ్బా చాచిన ప్రతిచోటా "నా సెలక్షన్" అన్నారు.

ఆయన దగ్గర ఎన్నటికీ కొట్టివేయని కేసులు కొన్ని ఉన్నాయి. లక్ష్మణ్ కేసు పాతది. 2001లో ఈడెన్‌లో 281 కొట్టినవాణ్ణి 2003 ప్రపంచకప్‌కు వదిలేసి దినేశ్ మోంగియాను పట్టుకెళ్ళారు. 86 వన్డేలు ఆడిన లక్ష్మణ్ ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడకుండానే రిటైరయ్యాడు. ఇంజినీరింగ్‌లో తనకు రెండు సబ్జెక్టులు పోయింది ఆ బాధలోనేనని సెలెక్టర్ గారు అంటారు. ఆ రెండింట్లో ఒకటి అంతకుముందు సెమిస్టర్‌దని వాళ్ళావిడ అంటారు.

రాయుడి కేసు వేరు. అది మొదలైతే మా బ్లాకులో భోజనాలు చల్లారిపోతాయి.

55 వన్డేలు, 1694 పరుగులు, సగటు 47.05. పిల్లల పుట్టినరోజులు ఫోనులో చూసుకునే మనిషి ఈ అంకెల్ని కళ్ళు మూసుకుని చెప్తారు. బిందువు తర్వాత సున్నాను నొక్కి మరీ పలుకుతారు. 2019 ఏప్రిల్ 15న ప్రపంచకప్ జట్టు ప్రకటించారు. నాలుగో స్థానం రాయుడిదేనని అంతా అనుకుంటుంటే విజయ్ శంకర్ పేరు వచ్చింది. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్, మూడు కోణాల్లో పనికొస్తాడని చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ వివరణ ఇచ్చారు. ప్రపంచకప్ చూడ్డానికి త్రీడీ కళ్ళజోడు ఆర్డర్ చేశానని రాయుడు ట్వీట్ పెట్టాడు. తర్వాత విజయ్ శంకర్‌కు దెబ్బ తగిలింది. అప్పుడైనా పిలుస్తారనుకుంటే మయాంక్ అగర్వాల్‌కు విమానం టికెట్ వెళ్ళింది. జులై 3న రాయుడు రిటైర్మెంట్ ప్రకటించాడు. వారం తిరిగేసరికి మాంచెస్టర్ సెమీఫైనల్లో మన మొదటి ముగ్గురూ తలా ఒక్క పరుగు చేసి వచ్చారు. 18 పరుగుల తేడాతో ఇంటికొచ్చేశాం.

ఇక్కడికి వచ్చేసరికి సెలెక్టర్ గారి గొంతు జీరపోతుంది. "ఇదంతా నార్త్ లాబీ అండీ. తెలుగోడంటే చులకన."

ఒకరోజు బీ బ్లాకు గుంటూరాయన ఉండబట్టలేక అడిగేశారు. "కాదండీ, ఎమ్మెస్కే ప్రసాద్‌ది మా గుంటూరు. రాయుడు పుట్టిందీ మా గుంటూరే. ఇందులో నార్త్ ఎక్కడుందండీ?"

సెలెక్టర్ గారు కాసేపు నీక్యాప్ సర్దుకున్నారు. వెల్‌క్రో విప్పి, మళ్ళీ అతికించి, తలెత్తారు. "అదేనండీ లాబీ గొప్పతనం. మన వేలితో మన కన్నే పొడిపించారు."

ఈ సభలో ఇంకొకాయన ఉన్నారు. బీహెచ్ఈఎల్‌లో రిటైరై కొడుకు ఫ్లాటుకు వచ్చేసిన పెద్దాయన. ప్లాస్టిక్ కుర్చీ, ఫ్లాస్కులో మజ్జిగ తనే తెచ్చుకుంటారు. మా అందరికీ క్రికెట్ టీవీతో మొదలైతే ఆయనకు రేడియోతో మొదలైంది. సెలెక్టర్ గారు ఒకసారి క్రమశిక్షణ మీద ఉపన్యాసం ఎత్తుకుంటే పెద్దాయన మజ్జిగ గుటకేసి, "1936లో ఒకాయన ఉండేవాడు నాయనా" అని మొదలుపెట్టారు. "ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు కెప్టెన్. ఉన్న టెస్టులు మూడు. మూడూ ఆడి మొత్తం 33 పరుగులు చేశాడు. బ్రహ్మాండంగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను మాత్రం క్రమశిక్షణ లేదని పర్యటన మధ్యలో ఓడ ఎక్కించి ఇంటికి పంపించేశారు."

"అన్యాయమండీ!" సెలెక్టర్ గారు మెట్టు మీంచి లేచారు. "ఎవడండీ ఆ కెప్టెన్?"

"విజ్జీ. విజయనగరం మహారాజకుమార్."

సెలెక్టర్ గారు కూర్చున్నారు. "విజయనగరమా? అయితే ఆ అమర్‌నాథ్ ఏదో చేసే ఉంటాడు లెండి. నిప్పు లేందే పొగ రాదు."

పెద్దాయనకు ఇష్టమైనది మాత్రం జయసింహ కథ. 1967-68 ఆస్ట్రేలియా పర్యటనకు మొదట తీసుకోలేదు. అక్కడ మనవాళ్ళు దెబ్బలు తగిలి పడిపోతుంటే మధ్యలో పిలిపించారు. ఈ సికింద్రాబాద్ మనిషి కాలరెత్తుకుని విమానం దిగి, నేరుగా బ్రిస్బేన్ టెస్టులోకి నడిచి 74, 101 కొట్టాడు. ఆ టెస్టు 39 పరుగుల తేడాతో పోయింది. "ముందే తీసుకుంటే సిరీస్ మనదే కదండీ!" అని సెలెక్టర్ గారు తొడ చరిచారు. "సిరీస్ 4-0తో పోయింది నాయనా" అన్నారు పెద్దాయన. అయినా తొడ మీంచి చెయ్యి తియ్యలేదు ఆయన.

క్రమశిక్షణ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఆస్ట్రేలియాలో 3-1తో ఓడి వచ్చాక, 2025 జనవరిలో బోర్డు ఆటగాళ్ళకు పది నియమాలు పెట్టింది. 45 రోజులు దాటిన పర్యటనకు కుటుంబం రెండు వారాలే రావాలి. సొంత వంటవాళ్ళు, సహాయకులు కుదరదు. సామానుకు పరిమితి. దేశవాళీ ఆడాల్సిందే. సెలెక్టర్ గారు పదింటికి పదీ ఆమోదించారు. "దేశం కోసం వెళ్ళేవాడికి వంటవాడెందుకండీ? పెళ్ళాం పిల్లలెందుకు?" అన్నారు.

ఆయన ఆన్‌సైట్ వెళ్ళినప్పుడు భార్యా పిల్లలూ, అత్తగారూ, తడిపిండి గ్రైండరూ వెంట వెళ్ళిన సంగతి కాలనీలో తెలియనివాళ్ళు లేరు. "అది వేరు. ఇంటి ఆవకాయ లేకపోతే నాకు డెలివరీ అవ్వదు" అన్నారు. దేశవాళీ సంగతంటారా, కోహ్లీ అంతటివాడు ఢిల్లీకి రంజీ ఆడ్డానికి వెళ్ళినప్పుడు ఆయన చప్పట్లు కొట్టారు. శనివారం ఉదయం మా టర్ఫ్ మీద ప్రాక్టీసుకు రమ్మంటే మాత్రం "నేను డైరెక్టుగా ఫైనల్‌కి వస్తా" అంటారు.

ఆఫీసులో ఈయన ఎలా ఉంటారో నాకు తెలిసేది కాదు. ఆయన టీములో పనిచేసే కుర్రాడొకడు మా బ్లాకులోనే ముగ్గురితో కలిసి అద్దెకుంటాడు. అప్రైజల్ రోజు లిఫ్టులో కనిపించాడు. మొహం వేలాడేసుకున్నాడు. "నేను క్లోజ్ చేసినన్ని టికెట్లు టీములో ఎవరూ చెయ్యలేదన్నా. సార్ ఏమన్నారో తెలుసా? పని బాగానే చేస్తావు గానీ విజిబిలిటీ లేదు, ఇంకో డైమెన్షన్ చూపించాలి అన్నారు" అన్నాడు. ఆరో అంతస్తు దాటాక, "మా సార్ దగ్గర నేనే రాయుణ్ణన్నా" అన్నాడు.

ఆ వారమే సెలెక్టర్ గారికీ డాలస్ నుంచి రేటింగ్ వచ్చింది. అక్కడి పై మేనేజరుదీ తెనాలి వైపేనట. ఏం రాశాడో మాకు చెప్పలేదు. ఆ రాత్రి రాయుడి కేసు పన్నెండు దాకా నడిచింది. మాకు కొన్నేళ్ళుగా ఒక లెక్క తెలుసు: రాయుడి గురించి ఆయన ఎంత గట్టిగా మాట్లాడితే ఆ ఏడు హైక్ అంత తక్కువ. ఈ కారిడార్‌లో పదిహేనేళ్ళు ఉద్యోగం చేసినవాడెవడైనా పగలు ఎమ్మెస్కే, రాత్రి రాయుడు. అందుకే ఆ విషయంలో ఆయన్ని చూసి నవ్వడానికి నాకు నోరు రాదు. మిగతా అన్నిటికీ నవ్వుతాను.

ఉదాహరణకు రగ్బీ. 2025 జూన్‌లో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. ముంబైలో ఆట, హైదరాబాద్ హీరోస్ అని మనకూ ఒక జట్టు. రిమోట్ మీద ఎవరో కూర్చుంటే ఆ ఛానల్ వచ్చింది. కండలు తిరిగిన మనుషులు కోడిగుడ్డు ఆకారపు బంతి చంకలో పెట్టుకుని పరిగెడుతున్నారు. సెలెక్టర్ గారు రెండు నిమిషాలు శ్రద్ధగా చూసి, ఒక్కొక్కళ్ళనీ వేలు పెట్టి లెక్కబెట్టారు. "ఏడుగురే ఉన్నారు. మిగతా నలుగురినీ ఎవరు తీసేశారు?"

కోచ్‌ల విషయంలో ఆయన సిద్ధాంతం సూటిగా ఉంటుంది. గెలిస్తే ఆటగాళ్ళు, ఓడితే కోచ్. గంభీర్ 2024 జులైలో వచ్చాడు. ఆ ఏడే న్యూజిలాండ్ మన గడ్డ మీద 3-0తో ఊడ్చేసింది, 2025 నవంబరులో దక్షిణాఫ్రికా 2-0తో మళ్ళీ ఊడ్చింది. గువాహటిలో 408 పరుగుల ఓటమి. అది గంభీర్ ఖాతా. మధ్యలో సెప్టెంబరులో దుబాయ్‌లో పాకిస్తాన్ మీద ఆసియా కప్ ఫైనల్, తిలక్ వర్మ 69 నాటౌట్. అది మాత్రం లింగంపల్లి ఖాతా, ఎందుకంటే తిలక్ ఆట నేర్చుకున్న అకాడమీ అక్కడిది. "ఇక్కణ్ణుంచి కూతవేటు దూరం! కోచ్ ఏం చేశాడండీ ఇందులో? ఈ నేల, ఈ నీళ్ళు..." అంటుండగా గేటు దగ్గర ట్యాంకర్ హారన్ కొట్టింది. గుంటూరాయన దగ్గు తెచ్చుకున్నారు.

ఇలా ఉండగా బ్లాకుల మధ్య బాక్స్ క్రికెట్ లీగ్ పెట్టారు. ఆరు ఓవర్లు, జట్టుకు ఎనిమిది మంది. సీ బ్లాకు సెలెక్టర్‌గా ఇంకెవరి పేరు వస్తుంది? పేర్లిచ్చింది పద్నాలుగు మంది. ఆరుగురిని తీసెయ్యాలి.

ఆయన రెండు రాత్రులు మెట్ల మీదికి రాలేదు. క్లయింట్ కాల్ ఉందన్నారు. మూడో రాత్రి ఎక్సెల్ షీటుతో వచ్చి, ఎవరి పేరు మీద వేలు పెట్టినా తీసేసుకున్నారు. ఒకాయన అసోసియేషన్ ట్రెజరర్, పార్కింగ్ గొడవ ఆయన దగ్గరే ఉంది. ఒకాయన భార్య పిల్లకు మ్యాథ్స్ చెప్తుంది. ఒకాయన వానాకాలంలో కారు ఆగిపోతే తోసినవాడు. ఇంకొకాయనకు బ్యాటు పట్టుకోవడం రాదు గానీ, ఎదురు ఫ్లాటు. "అగార్కర్‌కేమండీ, ఎవణ్ణయినా తీసేస్తాడు. తీసేసినవాడు పొద్దున్నే ఆయన లిఫ్టు ఎక్కడు" అన్నారు. ఆఫీసులో ఇరవై మందికి ఒక్క మధ్యాహ్నంలో రేటింగులు పంచే మనిషి ఆ రాత్రి ఒంటిగంట దాకా ఒక్క పేరు కూడా కొట్టెయ్యలేకపోయారు.

చివరికి పద్నాలుగురినీ తీసుకున్నారు. అవతలి జట్టును బతిమాలి ఒప్పించి రొటేషన్ పద్ధతి పెట్టారు: మైదానంలో ఎనిమిది మందే, రెండు ఓవర్లకోసారి మార్పు. మ్యాచ్ నాడు ఎవరు లోపలున్నారో, ఎవరు బయటున్నారో అంపైర్‌గా నిలబడ్డ వాచ్‌మన్‌కు కూడా అర్థం కాలేదు. అద్దె కుర్రాడు ఎదుర్కొన్నవి రెండు బంతులు. రెండూ వల పైకప్పుకు తగిలాయి. మూడోది ఆడబోతుంటే రొటేషన్ వచ్చిందని పిలిచి ట్రెజరర్ గారిని పంపారు. ట్రెజరర్ గారు మొదటి బంతికి అవుటై, మెయింటెనెన్స్ బకాయిలు ఎవరెవరివో గుర్తు చేస్తూ బయటికి వచ్చారు. 'ఏ' బ్లాకు చేతిలో ఇరవై మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం.

ఆ సాయంత్రం నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. సీ బ్లాకు జట్టు వైఫల్యంపై సమీక్ష జరిపిన మీదట కోచ్‌ను తక్షణం బాధ్యతల నుంచి తప్పించడమైనది. కింద సెలెక్టర్ గారి సంతకం. పైన బీహెచ్ఈఎల్ పెద్దాయన పేరు.

మ్యాచ్ జరుగుతున్నంతసేపూ పెద్దాయన వల పక్కన, నీడగా ఉందని కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాసేపటికి ఎండ పడుతోందని ఎవరో పిల్లవాడు నెత్తిన టోపీ పెట్టాడు. అంతే.

ఆయన కళ్ళజోడు సవరించుకుని నోటీసు రెండుసార్లు చదివారు. "నన్ను కోచ్‌గా ఎప్పుడు పెట్టుకున్నారు నాయనా?"

"అదేనండీ నేననేది," అన్నారు సెలెక్టర్ గారు, గొంతు తగ్గించి, "అసలు ఆ నియామకంలోనే పారదర్శకత లేదు."